మిర్చి ముడత తామర పురుగుదా, నల్లిదా? గరాటు, బల్బుతో తేల్చుకుందాం

మిర్చిలో ముడత కనపడగానే మా దగ్గరికి వచ్చి "తమ్ముడూ, ఏ కషాయం కొట్టాలి?" అని అడుగుతుంటారు. నేను కషాయాలు తయారుచేసి అమ్మేవాడినే. అయినా ముందు అడిగేది ఒక్కటే: "చేలో ఏ పురుగుందో చూశారా?"

ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి అని మనకు తెలుసు. కానీ రెండూ కలిసి వస్తే? 2021లో మన రెండు రాష్ట్రాల మిర్చిని దెబ్బకొట్టిన నల్ల తామర పురుగులాగా పూతలో దాక్కుంటే? పైపైన చూసి లెక్క కట్టలేం. అందుకే ల్యాబ్‌లో పురుగును ఆకు నుంచి, పువ్వు నుంచి బయటికి రప్పించి చూస్తారు.

1. గరాటు పద్ధతి. దీన్ని బెర్లీస్ గరాటు అంటారు. ఇటలీ కీటక శాస్త్రవేత్త ఆంటోనియో బెర్లీస్ పేరు అది. గరాటులో జల్లెడ, దాని మీద ఆకులు, పూలు, పైన బల్బు, కింద స్పిరిట్ సీసా. పైనుంచి వేడి తగిలి ఆకు ఆరుతుంటే పురుగులు తేమ, చీకటి వెతుక్కుంటూ కిందికి దిగి సీసాలో పడతాయి. ఆకులు బాగా ఎండేదాకా, సుమారు ఒక రోజు ఉంచాలి.

ఇంట్లో అయితే ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి తిప్పి పెడితే అదే గరాటు. పాతరకం బల్బు వాడండి, ఎల్‌ఈడీకి సరిపడా వేడి రాదు. బల్బు ఆకులకు, ప్లాస్టిక్‌కు తగలకూడదు. స్పిరిట్ అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లో సబ్బు నీళ్లే పెట్టుకోండి.

2. కడిగే పద్ధతి. నల్లి చాలా చిన్నది, మెల్లగా కదులుతుంది. ఆకు ఎండేలోపే చచ్చి అక్కడే ఉండిపోవచ్చు. దానికి ఇది మేలు. ల్యాబ్‌లో 70 శాతం ఆల్కహాల్‌లో ఆకులు, పూలు వేసి గట్టిగా ఊపి, సన్నని జల్లెడలో వడకడతారు. మనం సబ్బు నీళ్లలో ఊపి, దగ్గరగా నేసిన గుడ్డలో వడకట్టి, భూతద్దంతో చూడొచ్చు. కండె ఆకారంలో పొడుగ్గా, ఆరు కాళ్లతో ఉంటే తామర పురుగు. గుండ్రంగా, ఎనిమిది కాళ్లతో ఉంటే పెద్ద నల్లి.

ఒక్క మొక్క చూసి తేల్చొద్దు. చేను నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి లేత కొమ్మలు, పూలు విడివిడి కవర్లలో కట్టండి. కవరు ఎండలో పెట్టొద్దు.

ఒక మాట గుర్తుంచుకోండి. తామర పురుగు గుడ్లు ఆకు లోపలే ఉంటాయి, కోశస్థ దశ ఎక్కువగా నేలలో గడుస్తుంది. ఇవి రెండూ గరాటులోకి రావు. సీసాలో తక్కువ పడ్డాయని నిశ్చింతగా ఉండకుండా వారం తిరక్కుండా మళ్లీ చూడాలి.

పడినవన్నీ శత్రువులు కూడా కాదు. అక్షింతల పురుగు పిల్లలు, తామర పురుగును తినే చిన్న నల్లులు కూడా పడతాయి. వాటినీ లెక్కపెట్టండి. మిత్ర పురుగులు బాగా ఉన్న చేలో తొందరపడి ఘాటు కషాయం కొడితే మన కూలీలను మనమే తరిమేసినట్టు.

గరాటు అమర్చే తీరు పైన వీడియోలో చూపించాను. ఈసారి పంపు భుజానికెత్తుకునే ముందు ఒక రోజు బల్బు వెలిగించి చూడండి.