ఒకే రకం కాయ, ఒకే కొనేచోటు

కృష్ణగిరి నుంచి కావేరిపట్నం వైపు బస్సెక్కి చూడండి. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే. కంటికి పచ్చగా, ఇంపుగా ఉంటాయి. దిగి లోపలికి నడిస్తే మాత్రం ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ తేడా కనిపించని తోటలే ఎక్కువ. అంతా తోతాపురి, మన వాడుకలో బెంగళూరా.

ఒకసారి నా తరగతి పిల్లలను మామిడి రకాల పేర్లు రాయమన్నాను. నాలుగైదు పేర్లకే కలాలు ఆగిపోయాయి. ఒక పిల్ల మాత్రం వాళ్ల అవ్వనడిగి మర్నాడు పేజీ నిండా రాసుకొచ్చింది. సోంపు వాసన కాయ, పీచు కాయ, ఊరగాయ కాయ, గట్టుమీది పుల్లకాయ! టెంక నుంచి మొలిచిన నాటు చెట్టు తల్లిని అచ్చంగా పోలదు కాబట్టి చెట్టుకో పేరు. వాటిలో చాలా చెట్లు ఇప్పుడు లేవని కూడా అవ్వే చెప్పిందట.

ఎందుకు పోయాయి? గుజ్జు ఫ్యాక్టరీలు వచ్చాయి. యంత్రాల మీద, గల్ఫుకూ ఐరోపాకూ ఎగుమతి మీద పెద్ద పెట్టుబడి పెట్టినవారికి ఎన్ని లారీల కాయ దిగినా ఒకే రంగు, ఒకే రుచి కావాలి. తోతాపురి దానికి సరిగ్గా కుదిరింది. దాదాపు ఏటా కాస్తుంది, గుజ్జు ఎక్కువ, ప్రయాణంలో నలగదు. పైగా అంటుమొక్క తల్లిచెట్టుకు నకలు. కొనేవాడున్న కాయను నాటిన రైతును నేను తప్పుపట్టను. రాగి, అనప, సామ పండిన మెట్ట చేలు కూడా అలాగే తోటలయ్యాయి. కొమ్మలు కలిశాక కింద పంటకు ఎండ అందదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మామిడి పూతకు పుప్పొడి మోసేవాటిలో ఈగలదే పెద్ద వంతు. పూత పోయాక అవి బతకాలంటే గట్ల మీద వేరే మొక్కలుండాలి. తేనెమంచు పురుగు కోసం విచ్చిన పూత మీద కొట్టే మందు వాటినీ చంపుతుంది.

ఇక 2025 సంగతి. ముందటేడు తీసిన గుజ్జే ఫ్యాక్టరీలలో నిలిచిపోవడంతో తోతాపురి ధర పడిపోయింది. ఆంధ్ర ప్రభుత్వం తన రైతుకు, ఫ్యాక్టరీ కిలోకు ఇచ్చే 8 రూపాయలకు తాను 4 కలిపి 12 చేసింది. జూన్ 7న చిత్తూరు జిల్లా అధికారులు పొరుగు రాష్ట్రాల తోతాపురి లోపలికి రాకూడదన్నారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. ఇవతల మన కాయకూ ఆ దారి మూసుకుంది. భాష ఒకటే కావచ్చు, చెక్‌పోస్టు దగ్గర కాయను అడిగేది రాష్ట్రం పేరే.

అదే తోటలో కొంత సెందూరా, కొంత నీలం ఉంటే? సెందూరా ముందుగా కోతకొస్తుంది, నీలం ఆలస్యంగా వస్తుంది. ఒకటి ఊళ్లో పండ్ల బండికి పోతుంది, ఇంకొకటి దూరపు మండీకి. నాటు పుల్లకాయను ఊరగాయకు అడుగుతారు. ఒక ఫ్యాక్టరీ గేటు మూసినా మిగిలిన వాకిళ్లుంటాయి.

తోట కొట్టేయనక్కర్లేదు. ముదురు చెట్టు కొమ్మలు కొన్ని నరికి, వచ్చిన లేత చిగుళ్లకు వేరే రకం పుల్ల అంటుకట్టించవచ్చు. మూడో ఏటో నాలుగో ఏటో కాపు మొదలవుతుంది. ఎకరంలో నాలుగైదు చెట్లతో మొదలుపెట్టండి. అవ్వ చెప్పిన సోంపు వాసన చెట్టు ఒకటి చెరువు కట్ట కింద ఇంకా నిలబడే ఉంది. దాని పుల్లలు తెచ్చి మా బడి ఆవరణలో మూడు అంట్లు కట్టించాం. రెండు బతికాయి.