హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల గతానురక్తి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక క్రీడ వైభవాన్ని కోల్పోయినచోట దాని అభిమానుల్లో గతంపట్ల గాఢమైన అనురక్తి మిగులుతుంది. 1950, 60 దశకాల్లో భారతీయ ఫుట్‌బాల్‌కు ఆయువుపట్టుగా నిలిచిన హైదరాబాద్‌లో ఈ అనురక్తి నేటికీ కనిపిస్తుంది. దాని చారిత్రక ఆధారాలను, అది చరిత్రను సరళీకరించిన తీరును, అది మరచిన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. అభిమానుల స్మృతి వ్యక్తులను, విజయాలను నిలుపుకుని, వాటిని సాధ్యం చేసిన సామాజిక ఏర్పాట్లను మరుగుపరుస్తున్నదని, ఆ ఏర్పాట్లను వెలికితీయడానికి అదే స్మృతి ఆకరం కాగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గతానురక్తి, సామూహిక స్మృతి, హైదరాబాద్ ఫుట్‌బాల్, రహీం, సిటీ పోలీస్ జట్టు, క్రీడాచరిత్ర, మౌఖిక చరిత్ర.

ఉపోద్ఘాతం:
‘నోస్టాల్జియా’ అనే మాటను 1688లో జొహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో తొలిసారి ప్రయోగించాడు. ఇంటికి తిరిగిరావడం, వేదన అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక అది. స్వదేశానికి దూరమైనవారికి కలిగే వ్యాధిగా ఆయన దానిని వర్ణించాడు. కాలక్రమంలో ఆ మాట వైద్యశాస్త్రాన్ని వదలి సామాజికశాస్త్రాల్లోకి వచ్చింది. దూరమైన చోటుకోసం కలిగే బెంగ అనే అర్థం స్థానంలో దూరమైన కాలంకోసం కలిగే బెంగ అనే అర్థం స్థిరపడింది. ఈ వ్యాసంలో దానికి ‘గతానురక్తి’ అనే పదాన్ని వాడుతున్నాను.

స్వెత్లానా బాయిమ్ 2001లో వెలువరించిన తన గ్రంథంలో దీనిని రెండు విధాలుగా విభజించారు. పోయినదానిని యథాతథంగా తిరిగి నిలబెట్టాలని కోరేది పునఃస్థాపక గతానురక్తి. పోయినది తిరిగిరాదని ఎరిగి, ఆ ఎడబాటునే ఆలోచనకు వస్తువుగా చేసుకునేది పర్యాలోచక గతానురక్తి. స్మృతి వ్యక్తిగతమే అయినా దానికి చట్రాన్ని ఇచ్చేది సమూహమేనని మారిస్ హాల్బ్వాక్స్ 1925లోనే ప్రతిపాదించాడు. ఫుట్‌బాల్ అభిమానుల విషయంలో ఈ రెండు భావనలూ కలిసి ఉపయోగపడతాయి.

1. ఇంగ్లండ్ ఉదాహరణ:
హైదరాబాద్ ప్రత్యేకతను గుర్తించడానికి ముందుగా ఇంగ్లండ్‌ను చూడాలి. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో కంచెలతో మూసిన, నిలబడి ఆట చూసే మెట్లపై జనసమ్మర్దంలో నలిగి 97 మంది అభిమానులు మరణించారు. తదుపరి 1990 నాటి టేలర్ నివేదిక పెద్ద మైదానాల్లో ప్రేక్షకులందరికీ ఆసనాలు ఉండాలని సూచించింది. 1992లో ప్రీమియర్ లీగ్ ఏర్పడింది. టెలివిజన్ ఆదాయంతోపాటు టిక్కెట్ల ధరలూ పెరిగాయి. నిలబడి, గొంతు కలిపి పాడుతూ, తక్కువ ఖర్చుతో ఆట చూసిన రోజులకోసం అక్కడి అభిమానులు బెంగపడ్డారు.

ఆ బెంగ పాత మైదానాల అపాయాన్ని కొంత మరచింది. అయితే అది అక్కడితో ఆగలేదు. రక్షణ కడ్డీలతో నిలబడే సౌకర్యం కావాలనే నిర్దిష్టమైన కోరికగా మారింది. 2022లో అగ్రశ్రేణి పోటీల్లో అందుకు అనుమతి లభించింది. గతంలోని ఏ అంశం తమకు కావాలో అభిమానులు స్పష్టంగా చెప్పగలిగినప్పుడు గతానురక్తి ఆచరణకు దారితీసింది.

ఇంగ్లండ్‌లో ఆట సంపన్నమై, పాత అభిమానికి దూరమైంది. హైదరాబాద్‌లో ఆటే నగర ప్రజాజీవితంలోని కేంద్రస్థానం నుంచి తప్పుకున్నది. అందుచేత ఇక్కడి గతానురక్తిలో ఫిర్యాదుకంటే శోకం పాలు ఎక్కువ.

2. స్మృతికి ఆధారమైన చరిత్ర:
హైదరాబాద్ అభిమానులు చెప్పుకునే స్వర్ణయుగం కల్పన కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్‌నూ సాధించింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లలో, ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లో గెలుచుకున్నాయి.

ఈ చరిత్రకు కేంద్రవ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. సిటీ పోలీస్ జట్టుకూ, భారతజట్టుకూ 1950 నుంచి శిక్షకుడుగా పనిచేశాడు. డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు నిర్వహించి, బంతిని వేగంగా అందించే ఆటతీరును అలవాటు చేశాడు. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల తుదిపోటీలో ఇరాన్‌ను 1–0తోనూ, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తోనూ ఓడించి స్వర్ణపతకాలు పొందింది. జకార్తా విజయంనాటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో మరణించాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి పలువురు హైదరాబాద్, సికింద్రాబాద్ క్రీడాకారులు ఆ బృందంలో ఉన్నారు. కొత్త రాష్ట్రం నెల వయసులో ఉండగా దాని రాజధాని ఆటగాళ్లు ఒలింపిక్ మైదానంలో ఉన్నారన్న సంగతి మన రాష్ట్రచరిత్రల్లో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. అభిమానుల స్మృతి మాత్రం దానిని కాపాడింది.

3. స్మృతి చేసిన సరళీకరణలు:
కాపాడే క్రమంలోనే స్మృతి చరిత్రను సరళం చేస్తుంది. మూడు సందర్భాలను పరిశీలించవచ్చు.

మొదటిది బూట్ల కథ. 1950 ప్రపంచ కప్‌కు అర్హత పొందిన భారతజట్టు బ్రెజిల్ వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడడాన్ని నిషేధించినందువల్లనే వెళ్లలేదన్న మాట దేశమంతటా వ్యాపించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన మాట నిజమే. కాని దీర్ఘమైన సముద్రప్రయాణం, సాధనకు చాలని వ్యవధి, ఒలింపిక్స్‌తో పోలిస్తే ప్రపంచ కప్‌ను తక్కువగా చూసిన నిర్వాహకుల దృష్టి అసలు కారణాలుగా చరిత్రకారులు చూపుతున్నారు. పాలనాపరమైన వైఫల్యాన్ని ఈ కథ అమాయకత్వపు గాథగా మార్చింది. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో ఎదురైన 10–1 ఓటమి ఈ స్మృతిలో చోటుచేసుకోకపోవడం గమనార్హం.

రెండవది 1956 నాటి నాలుగవ స్థానం. అది గొప్ప విజయమే. అయితే ఆ పోటీలో పాల్గొన్న జట్లు 11 మాత్రమే. హంగరీ తప్పుకోవడంతో భారత్‌కు తొలి ఆట ఆడకుండానే ముందడుగు లభించింది. ఆ తర్వాత యుగోస్లావియా, బల్గేరియా చేతుల్లో ఓటమి ఎదురైంది. ఈ వివరాలు విజయాన్ని చిన్నబుచ్చవు. దానిని ప్రపంచస్థాయికి కొలమానంగా తీసుకునే అతిశయాన్ని మాత్రం సరిచేస్తాయి.

మూడవది క్రికెట్‌పై నింద. ‘క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగింది’ అన్నది సాధారణంగా వినవచ్చే వివరణ. 1983 ప్రపంచ కప్ విజయం, టెలివిజన్ విస్తరణ క్రికెట్‌కు ఇచ్చిన బలాన్ని కాదనలేం. కాని హైదరాబాద్‌లో మొదటి టెస్ట్ మ్యాచ్ ఫతే మైదాన్‌లో 1955 నవంబరులోనే జరిగింది. ఆ తర్వాతే హైదరాబాద్ జట్టు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంటే రెండు ఆటలూ ఒకే నగరంలో పక్కపక్కనే వర్ధిల్లిన కాలం ఉన్నది. ఒక ఆట రాక మరొక ఆట పతనాన్ని పూర్తిగా వివరించజాలదు.

4. స్మృతి మరచిన ఏర్పాట్లు:
అభిమానుల కథనాల్లో రహీం ఒక్కడే ఒక యుగాన్ని సృష్టించిన మహనీయుడుగా కనిపిస్తాడు. ఆయన ప్రతిభ నిస్సందేహం. అయితే ఆ ప్రతిభ పనిచేయడానికి నాలుగు ఆధారాలున్నాయి.

మొదటిది పాఠశాల. రహీం కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి బస్తీల పాఠశాలల్లో బోధించాడు. పిల్లల ఆటను దగ్గరగా చూసే అవకాశం ఉపాధ్యాయవృత్తిలోనే ఉన్నది. రెండవది మైదానం. ఫతే మైదాన్, సికింద్రాబాద్ జింఖానా మొదలుకొని బస్తీల ఖాళీస్థలాల వరకు ఖర్చులేకుండా ఆడుకునే చోట్లు ఉండేవి. మూడవది ఉద్యోగం. సామాన్య కుటుంబం నుంచి వచ్చిన యువకుడికి పోలీసు శాఖలో కొలువు జీవనభద్రతను ఇచ్చింది. ఒకే జట్టును ఏళ్లతరబడి కలిపి ఉంచింది. నాలుగవది పోటీల క్రమం. రోవర్స్, డ్యూరాండ్, సంతోష్ ట్రోఫీ వంటివి ఏటా ఒక లక్ష్యాన్ని చూపాయి.

ఈ నాలుగూ ఒక్కొక్కటిగా సడలాయి. కలకత్తా క్లబ్బులు ఎక్కువ ఆదాయాన్నీ పేరునూ ఇవ్వగలిగాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, చివరకు బెంగాల్‌లోనే స్థిరపడ్డాడు. తర్వాతి తరంలో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టును కలకత్తాలో మోహన్ బగాన్ 2–2తో నిలువరించినప్పుడు హబీబ్ ఆ జట్టులో ఉన్నాడు. హైదరాబాద్ అభిమాని ఈ సంఘటనను గర్వంగా చెప్పుకుంటాడు. నిజానికి ఆ గర్వంలోనే నష్టం దాగి ఉన్నది: నగరం ఆటగాడిని కన్నది, ఆటను మాత్రం మరొక నగరం చూసింది. వలస స్వర్ణయుగం ముగిశాక మొదలైనది కాదు. ఆ యుగం మధ్యలోనే మొదలైంది. రోవర్స్ కప్ కూడా 2000–01 తర్వాత నిలిచిపోయింది.

5. విజయం తిరిగివచ్చినా నిలవని బంధం:
2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడినప్పుడు పాత వైభవం పునరావృతమవుతుందన్న ఆశ కలిగింది. 2022 మార్చిలో ఆ క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. అయితే కోవిడ్ కారణంగా ఆ ఏడాది పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. నగరం పేరుమీద వచ్చిన ఆ కప్పుకోసం నగరంలో ఒక్క ఆట కూడా జరగలేదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు సైతం మార్చుకున్నది.

పునఃస్థాపక గతానురక్తి పరిమితి ఇక్కడ స్పష్టమవుతుంది. అది కప్పును కోరింది, కప్పు వచ్చింది. కాని పాఠశాలతో, బస్తీతో, స్థానిక కొలువుతో పెనవేసుకోని జట్టు యాజమాన్య నిర్ణయంతో నగరాన్ని వదలిపోగలదు. 1950లలో సిటీ పోలీస్ జట్టు అలా వెళ్లగలిగేది కాదు. దాని ఆటగాళ్ల జీవితాలే ఈ నగరంలో ఉన్నాయి. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుదిదశ పోటీలు హైదరాబాద్‌లో జరగడం సంతోషకరమే. అయినా ఆతిథ్యం వేరు, ఆటగాళ్లను తయారుచేసుకోవడం వేరు.

6. పరిశోధనావకాశాలు:
రహీం కుమారుడు, 1960 రోమ్ ఒలింపిక్ బృంద సభ్యుడు ఎస్.ఎస్. హకీం 2021లో, బలరాం, హబీబ్ 2023లో మరణించారు. ఆ కాలాన్ని మైదానంలో చూసిన ప్రేక్షకులు ఇప్పుడు వృద్ధులు. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చలనచిత్రం రహీం పేరును కొత్త తరానికి పరిచయం చేసింది. కాని చలనచిత్రం సహజంగానే నాయకుడి కథను చెబుతుంది, ఏర్పాట్ల కథను కాదు. ప్రత్యక్షసాక్షుల జ్ఞాపకాలు నమోదుకాకముందే ఈ కథనం వాటి స్థానాన్ని ఆక్రమించే అవకాశం ఉన్నది.

ఈ స్మృతి ఒక్క భాషలో లేదు. దక్కనీ ఉర్దూలో, తెలుగులో, సికింద్రాబాద్ దండు ప్రాంతపు తమిళ, ఆంగ్ల సంభాషణల్లో విడివిడిగా ఉన్నది. కాబట్టి తెలుగు, ఉర్దూ శాఖల పరిశోధకులు కలిసి చేయదగిన మౌఖిక చరిత్ర ఇది. ప్రశ్నల ఎంపిక ఇందులో కీలకం. ‘ఎవరు గొప్పగా ఆడారు’ అని అడిగితే పేర్లు వస్తాయి. ‘ఎక్కడ ఆడేవారు, బూట్లు ఎలా సమకూరేవి, కొలువు ఎలా దొరికింది, ఎప్పుడు, ఎందుకు మానేశారు’ అని అడిగితే ఒక సామాజిక వ్యవస్థ బయటపడుతుంది. ఈ జ్ఞాపకాలలో స్త్రీల ప్రస్తావన దాదాపు వినిపించకపోవడాన్ని కూడా ప్రశ్నగా స్వీకరించాలి.

ముగింపు:
అభిమానుల గతానురక్తిని వట్టి భావావేశమని తోసిపుచ్చడం సరికాదు. చరిత్రగా యథాతథంగా స్వీకరించడమూ సరికాదు. హైదరాబాద్ విషయంలో ఆ వేదన వాస్తవమైన నష్టంనుంచి పుట్టింది. అయితే అది నష్టానికి పెట్టుకున్న పేరు సరైనది కాదు. పోయినవి రహీం వంటి మహావ్యక్తులు, కప్పులు మాత్రమే అని అది తలుస్తున్నది. ఉపాధ్యాయుడికీ, మైదానానికీ, కొలువుకూ, పోటీకీ నడుమ ఉన్న అనుసంధానం పోయిందని పరిశీలన చెబుతున్నది. మరణించిన వ్యక్తి తిరిగిరాడు. తెగిన అనుసంధానాన్ని తిరిగి కట్టుకోవచ్చు. ఇంగ్లండ్ అభిమానులు తమ బెంగను ఒక నిర్దిష్టమైన కోరికగా మలచుకున్నట్లే, హైదరాబాద్ అభిమానుల బెంగ కూడా పాఠశాల మైదానం దగ్గర మొదలయ్యే కోరికగా మారవలసి ఉన్నది. సాక్షులు జీవించి ఉండగానే వారి జ్ఞాపకాలను సేకరించి, విశ్లేషించి అందించడం ఆ దిశలో పరిశోధకులు చేయగల మొదటి పని.