లెక్కల టీచరు సంచిలో సోలా, గిద్దా

మే నెల చివరి రోజులు. అనకాపల్లిలో ఎండ మండిపోతూ ఉంటుంది. బడికి తాళం వేసి ఉంటుంది. పిల్లలు మామిడి చెట్ల కింద, చెరువు గట్ల మీద తిరుగుతూ ఉంటారు.

ఇంకో పదిహేను రోజుల్లో బడి తెరుస్తారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మామూలుగా జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఆ రోజు పిల్లలు కొత్త పుస్తకాలతో వస్తారు. లెక్కల టీచరు పని మాత్రం ఆ రోజు మొదలవదు. అంతకు ముందే మొదలవుతుంది.

ఏంటా పని? దానితో మనకేం సంబంధం?

సంబంధం ఉంది. ఆరో తరగతి, ఏడో తరగతికి వచ్చేసరికి కొందరు ఆడపిల్లలు "అమ్మా, నాకు లెక్కలు రావే" అంటారు. "నాకూ రావులేమ్మా" అంటుంది తల్లి. ఆ మాటతో పుస్తకం మూసేస్తారు. కొన్నాళ్లకు బడీ మానేస్తారు. ఆ పుస్తకం మూతపడకుండా ఉండాలంటే టీచరు ఏం చేయాలి? తల్లి ఏం చేయాలి? చూద్దాం.

మొదటి పని: పిల్లలకు ఏం వచ్చో తెలుసుకోవడం

ఆరో తరగతిలో కొత్త పిల్లలు చేరతారు. ఒకరు ఒక బడి నుంచి వస్తారు. ఇంకొకరు ఇంకో బడి నుంచి వస్తారు. ఒకరికి భాగహారం బాగా వస్తుంది. ఇంకొకరికి ఎక్కాలే సరిగా రావు.

లెక్కలు నిచ్చెన లాంటివి. కింది మెట్టు విరిగిపోతే పై మెట్టు ఎక్కలేం. కూడిక రాకపోతే గుణకారం రాదు. గుణకారం రాకపోతే భాగహారం రాదు. భాగహారం రాకపోతే భిన్నాలు రావు.

అందుకే మంచి లెక్కల టీచరు మొదటి రోజే మొదటి పాఠం చెప్పరు. చిన్న చిన్న లెక్కలు కొన్ని రాసి పెట్టుకుంటారు. బడి తెరిచిన మొదటి వారంలో పిల్లల చేత అవి చేయిస్తారు. అది మార్కుల కోసం పెట్టే పరీక్ష కాదు. ఎవరికి ఏ మెట్టు విరిగిందో చూసుకోవడానికి.

రెండో పని: రోజులు లెక్క పెట్టుకోవడం

6 నుంచి 8 తరగతుల వరకు బడి ఏడాదికి కనీసం 220 రోజులు జరగాలి. ఇది చట్టంలో ఉంది. ఆ చట్టం పేరు విద్యా హక్కు చట్టం. 2009లో చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల వరకు ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పాలని ఆ చట్టం చెబుతుంది.

టీచరు కాగితం తీసుకుంటారు. నెలలు రాస్తారు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు తీసేస్తారు. పరీక్షల రోజులు పక్కన పెడతారు. మిగిలిన రోజుల్లో ఏ నెలలో ఏ పాఠమో రాసుకుంటారు.

మన ఇంట్లోనూ ఇదే చేస్తాం కదా? నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె లెక్క వేసుకుంటాం. పండగ వస్తే కొంచెం అదనంగా ఉంచుకుంటాం. టీచరు చేసేదీ అలాంటి పనే.

ఇక్కడ ఒక మాట. సంక్రాంతి ముందు నుంచి మన వైపు చెరకు గానుగలు ఆడతాయి. ఇంట్లో పని ఎక్కువవుతుంది. "పది రోజులు బడి మానిపిస్తే ఏమవుతుందిలే" అనుకుంటాం. 220లో 10 రోజులు పోతే చిన్న లెక్కలాగే కనబడుతుంది. కానీ ఆ పది రోజుల్లోనే భిన్నాల పాఠం అయిపోవచ్చు. అప్పుడు మన అమ్మాయి నిచ్చెనలో ఒక మెట్టు ఉండదు. పై పాఠాలు ఎన్ని చెప్పినా ఎక్కవు.

మూడో పని: సంచి సర్దుకోవడం

లెక్కలు చెప్పడానికి సుద్దముక్క ఒక్కటే చాలదు. టీచరు కొన్ని వస్తువులు పోగు చేసుకుంటారు. చింతపిక్కలు, చీపురు పుల్లలు, పది మీటర్ల తాడు, కాగితం ముక్కలు. ఇవేవీ కొనక్కర్లేదు. మన ఇళ్లలోనే దొరుకుతాయి.

ఆ సంచిలో సోలా, గిద్దా కూడా ఉంటే మరీ మంచిది. ఎందుకో చూడండి.

పిల్లలు భిన్నాల్లో ఒక తప్పు తరచుగా చేస్తారు. "సగం పెద్దదా, పావు పెద్దదా?" అని నోటితో అడిగితే "సగం" అని ఠక్కున చెబుతారు. అదే పలక మీద 1/2, 1/4 అని రాసి అడగండి. "1/4 పెద్దది" అంటారు. ఎందుకు? 2 కంటే 4 పెద్దది కదా అని.

ఇప్పుడు ఒక బెల్లం ముక్క తీసుకోండి. ఇద్దరికి సమానంగా పంచండి. ఒక్కొక్కరికి వచ్చింది 1/2. అంతే పెద్ద ఇంకో ముక్క తీసుకోండి. నలుగురికి పంచండి. ఒక్కొక్కరికి వచ్చింది 1/4. ఎవరికి ఎక్కువ బెల్లం వచ్చింది? ఇద్దరు పంచుకున్న చోటే. తినేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుంది. గీత కింద ఉన్న అంకె ఎంతమందికి పంచామో చెబుతుంది. ఈ సంగతి ఒకసారి చేత్తో పంచి చూసిన పిల్ల మరి మరచిపోదు.

ఇక మన కొలతలు చూడండి.

4 గిద్దలు ఒక సోల.
2 సోలలు ఒక తవ్వ.
2 తవ్వలు ఒక మానిక.
2 మానికలు ఒక అడ్డ.
2 అడ్డలు ఒక కుంచం.

అంటే మానికలో 4 సోలలు. సోల అంటే మానికలో పావు. తవ్వ అంటే మానికలో సగం.

1/2, 1/4 కలిపితే ఎంత? పిల్లలు తడబడతారు. మీరు కొలిచి చూపించండి. సగం మానిక అంటే 2 సోలలు. పావు మానిక అంటే 1 సోల. కలిపితే 3 సోలలు. మానికకు 4 సోలలు కదా. కాబట్టి 3/4. అంటే ముప్పావు.

ఏళ్ల తరబడి బియ్యం కొలిచిన చేయి మీది. భిన్నాలు మీకు తెలుసు. రాయడం మాత్రమే ఇప్పుడు నేర్చుకున్నారు. అందుకే "నాకు లెక్కలు రావు" అనే మాట నిజం కాదు.

పదహారణాలు ఎక్కడివి?

"పదహారణాల నిజం" అంటాం. పదహారే ఎందుకు? వెనక రూపాయికి 16 అణాలు. పదహారణాలు అంటే నిండు రూపాయి. అందులో పావు వంతు 4 అణాలు. దాన్నే పావలా అన్నాం.

1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి 100 పైసలు చేశారు. అప్పుడు పావలా 25 పైసలయింది. వీసెలు, మణుగుల బదులు కిలోలు, గ్రాములు వచ్చాయి. అంతా పదులు, వందలు, వేలే. లెక్క సులువయింది. 2011 జూన్ 30 తర్వాత పావలా బిళ్ల చెల్లకుండా పోయింది. బిళ్ల పోయినా మాట పోలేదు.

బెల్లం మార్కెట్టే పెద్ద బడి

అనకాపల్లి బెల్లానికి పేరు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. అంతకు ముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడ చెరకు మీద పరిశోధన చేసే కేంద్రం 1913లోనే మొదలయింది. అంటే నూరేళ్లు దాటింది.

ఈ ఊరి టీచరు లెక్కల కోసం దూరం పోనక్కర్లేదు. ఒక లెక్క చూడండి.

క్వింటా బెల్లం 4,200 రూపాయలు అనుకుందాం. క్వింటా అంటే 100 కిలోలు. కిలో ఎంత? 4,200లో చివరి రెండు సున్నాలు తీసేయండి. 42 రూపాయలు.

ఒక దిమ్మ 12 కిలోల 500 గ్రాములు తూగింది. దాని ధర ఎంత?

12 కిలోలకు 504 రూపాయలు.
అర కిలోకు 21 రూపాయలు.
మొత్తం 525 రూపాయలు.

ఇంకో లెక్క. 100 కిలోల చెరకు ఆడి, రసం కాస్తే సుమారు 10 కిలోల బెల్లం వస్తుంది. దీన్నే నూటికి 10 అంటాం. బడిలో 10 శాతం అంటారు. "శాతం" అంటే నూటికి ఎంత అనే.

నూటికి రెండు తక్కువా? నూటికి పన్నెండు తక్కువా?

ఇది ఇల్లు నిలబెట్టే లెక్క. జాగ్రత్తగా చదవండి.

ఒక తల్లికి 10,000 రూపాయలు కావాలి. వడ్డీ వ్యాపారి "నూటికి రెండే" అన్నాడు. బ్యాంకులో "నూటికి పన్నెండు" అన్నారు. పన్నెండు కంటే రెండు తక్కువ కదా అని ఆమె వ్యాపారి దగ్గర తీసుకుంది. మంచి పని చేసిందా?

వ్యాపారి చెప్పింది నెలకు. బ్యాంకు చెప్పింది ఏడాదికి.

వ్యాపారి వడ్డీ: నెలకు 200 రూపాయలు. 12 నెలలకు 2,400 రూపాయలు.
బ్యాంకు వడ్డీ: ఏడాదికి 1,200 రూపాయలు.

నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు వడ్డీకి రెండింతలు! "నెలకా, ఏడాదికా?" అని ఒక్క మాట అడిగి ఉంటే 1,200 రూపాయలు మిగిలేవి.

2004లో ప్రభుత్వం మహిళా సంఘాలకు "పావలా వడ్డీ" పథకం తెచ్చింది. ఆ పేరులోనూ లెక్క ఉంది. నూటికి నెలకు పావలా. ఏడాదికి 12 పావలాలు. అంటే 3 రూపాయలు. కాబట్టి పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం.

మన అమ్మాయి బడిలో నేర్చుకునే వడ్డీ లెక్క ఇదే. అది రాని పిల్ల రేపు ఎవరు చెప్పిన మాటైనా నమ్మాలి. వచ్చిన పిల్ల అడిగి తెలుసుకుంటుంది. ఆమెను ఎవరూ మోసం చేయలేరు.

దీపం వెలిగించిన తల్లి

కల్యంపూడి రాధాకృష్ణ రావు గారి పేరు విన్నారా? సి.ఆర్. రావు గారంటారు. 1920లో తెలుగు ఇంట పుట్టారు. పదిమంది పిల్లల్లో ఎనిమిదో వారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చదివి మొదటి స్థానం తెచ్చుకున్నారు. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచమంతా పేరు పొందారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆ శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆయన తల్లి లక్ష్మీకాంతమ్మ గారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున 4 గంటలకు కొడుకును లేపేవారు. చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేవారు. ఆ సంగతి రావు గారు పెద్దయ్యాక తన పుస్తకంలో రాసుకున్నారు. చదువు మీద ఆసక్తి అమ్మ వల్లే కలిగిందని చెప్పుకున్నారు.

దీపం వెలిగించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. బిడ్డ చదువుకోవాలనే పట్టుదల కావాలి. కొడుకు కోసం వెలిగించినట్టే కూతురి కోసమూ వెలిగించాలి.

తల్లి ఏం చేయాలి?

1. బడి తెరిచిన రోజే అమ్మాయిని పంపండి. మొదటి వారం ముఖ్యం. ఆ వారంలోనే టీచరు పిల్లల మెట్లు చూసుకుంటారు.

2. అమ్మాయి ముందు "నాకు లెక్కలు రావు" అనకండి. "నువ్వు చేసి చూపించమ్మా, నేనూ చూస్తా" అనండి.

3. లెక్కల పుస్తకం తెరవండి. 2020 నుంచి మన ప్రభుత్వ బడుల్లో రెండు భాషల పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. అలాంటి పుస్తకం మీ ఇంట్లో ఉంటే తెలుగు పేజీ మీరు చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు.

4. బడికి వెళ్లి టీచరును అడగండి: "మాస్టారూ, మా అమ్మాయికి ఏ లెక్క రావడం లేదు? ఇంట్లో నేనేం చేయించాలి?" అడగడం తప్పు కాదు. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నాలుగింట మూడు వంతులంటే ముప్పావు. అంటే మానికలో 3 సోలలు! ఆ కమిటీలో మీరూ ఉండవచ్చు.

జూన్‌లో బడి గంట మోగుతుంది. టీచరు సంచి సర్దుకుని వస్తారు. ఆ సంచిలో పెట్టడానికి మీ ఇంటి సోలా, గిద్దా అమ్మాయి చేతికిచ్చి పంపండి. "ఇవి మా అమ్మవి" అని ఆ పిల్ల తరగతిలో గర్వంగా చెబుతుంది.

లెక్క చేయండి

1. మానికకు 4 సోలలు. కుంచానికి 4 మానికలు. కుంచానికి ఎన్ని సోలలు?

2. క్వింటా బెల్లం 3,800 రూపాయలు. కిలో ఎంత? 15 కిలోల దిమ్మ ధర ఎంత?

3. 5,000 రూపాయలు అప్పు. నెలకు నూటికి మూడు వడ్డీ. నెలకు వడ్డీ ఎంత? ఏడాదికి ఎంత?

మీరు చేసిన లెక్కలు మీ అమ్మాయికి చూపించండి. ఆమె చేసినవి మీరు చూడండి. జవాబులు: 1) 16 సోలలు. 2) 38 రూపాయలు, 570 రూపాయలు. 3) 150 రూపాయలు, 1,800 రూపాయలు.