నాలుగు ఇన్నింగ్స్, 170 పరుగులు

భారత క్రికెటర్ కోటా రామస్వామి టెస్ట్ సగటు 56.66. ఆడినవి 2 టెస్టులే. ఈ రెండు అంకెలనూ కలిపి చదివితేనే అసలు కథ తెలుస్తుంది.

1936 జులైలో మాంచెస్టర్‌లో ఆయన 40, 60 పరుగులు చేశారు. ఆగస్టులో ఓవల్‌లో 29, 41 నాటౌట్. మొత్తం 170. సగటు కట్టేటప్పుడు ఆ పరుగులను ఇన్నింగ్స్‌తో కాక, ఎన్నిసార్లు ఔటయ్యారో ఆ సంఖ్యతో భాగిస్తారు. ఆయన ఔటైంది 3 సార్లు, అందుకే 56.66. ఆ చివరి ఇన్నింగ్స్‌లో 41 దగ్గరే వికెట్ పడివుంటే సగటు 42.5. ఒక్క నాటౌట్‌తో 14 పరుగుల తేడా! స్కోర్‌బుక్ రాసే కుర్రాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు: ఇన్నింగ్స్ తక్కువైతే సగటుకు నిలకడ ఉండదు. ఫస్ట్‌క్లాస్‌లో ఆయన 53 మ్యాచ్‌లాడి 2,400 పరుగులు చేశారు, సగటు 28.91. ఆయన బ్యాటింగ్ స్థాయికి నేను కొలతగా తీసుకునేది ఈ అంకెనే.

అలాగని ఆ 170 పరుగులను తక్కువ చేయలేం. మాంచెస్టర్‌లో భారత్ తొలి ఇన్నింగ్స్ 203కే ముగిసింది. ఇంగ్లండ్ 571/8 దగ్గర డిక్లేర్ చేసింది. 368 పరుగుల లోటు. రెండో ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 జోడించారు. రామస్వామి 60 కొట్టారు. భారత్ 390/5తో మ్యాచ్‌ను డ్రా చేసుకుంది. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు నిండి నెల దాటింది. ఆ సిరీస్‌లో జట్టు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్ 3 టెస్టుల్లో చేసినవి 33 పరుగులు.

రామస్వామి తొలి టెస్ట్‌కు ఇంత ఆలస్యం ఎందుకు? రామస్వామి 1896లో మద్రాసు తెలుగు కుటుంబంలో పుట్టారు. మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడు ఆయన తండ్రి. ఇంట్లోనే ఆట ఉంది, ఆడే సత్తా ఉంది. లేనిదల్లా దేశానికి టెస్ట్ జట్టు. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ టెన్నిస్‌లో రాణించి, 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ ఆడారు. క్రికెట్‌లో భారత్ తొలి టెస్ట్ ఆడింది 1932లో. అప్పటికే ఆయనకు 36 ఏళ్లు.

ఇంగ్లండ్ ఆటగాడు టామ్ కిల్లిక్‌దీ 2 టెస్టుల కెరీరే: 4 ఇన్నింగ్స్, 81 పరుగులు. కానీ ఆయనకు 1929లో, 22 ఏళ్లకే పిలుపొచ్చింది. తర్వాత చర్చిలో మతగురువు అయ్యారు, క్రికెట్ వెనక్కి వెళ్లింది. రామస్వామికి ఆ వయసులో ఆడదామన్నా టెస్ట్ లేదు.

ఇలా ఆలస్యంగా టెస్ట్ ఆడింది ఆయన ఒక్కరే కాదు. 1933లో బొంబాయిలో రుస్తుంజీ జంషెడ్‌జీ 41 ఏళ్లకు తన తొలి టెస్ట్ ఆడారు, అదే చివరిది కూడా. భారత్ తరఫున అంతకంటే పెద్ద వయసులో అరంగేట్రం చేసినవారు లేరు. రెండో స్థానం రామస్వామిదే.