కనాట్ ప్లేస్ వెనుక మనిషి

ఢిల్లీ వెళ్ళిన మనవాళ్ళు కనాట్ ప్లేస్ చూడకుండా రారు. కాని ఆ కనాట్ ఎవరని పిల్లలడిగితే మనలో చాలామంది తడుముకోవలసిందే. మన ఇల్ఫర్డ్‌కు దక్షిణాన కొద్ది మైళ్ళ దూరంలో వున్న రాయల్ ఆల్బర్ట్ డాక్‌ను 1880లో తల్లి విక్టోరియా రాణి తరఫున ప్రారంభించినది ఆయనే. ఇండియా ఓడలు ఎన్నో ఆగిన ఆ రేవు 1981లో మూతపడింది. ఇప్పుడు దాని పక్కనే విమానాలు దిగుతున్నాయి.

ఆయన పేరు ఆర్థర్. రాణిగారి ఏడవ సంతానం, కొడుకుల్లో మూడవవాడు. 1850 మే 1న పుట్టాడు. వాటర్లూ వీరుడు వెల్లింగ్టన్ పుట్టినరోజు కూడా అదే. ఆయన పేరే పిల్లవాడికి పెట్టారు. పేరుకు తగ్గట్టే చిన్ననాటి నుండి సైన్యం మీదే మనసు. 16వ ఏట వూలిచ్ సైనిక విద్యాలయంలో చేరి, 1868లో ఇంజనీర్ల దళంలో అధికారి అయ్యాడు. 1882లో ఈజిప్టులోని టెల్ ఎల్ కెబీర్ యుద్ధంలో గార్డుల బ్రిగేడ్‌ను నడిపాడు. రాజకుమారుడని ఆయనను వెనక కూర్చోబెట్టలేదు.

తరువాత మీరట్‌లో పనిచేసి, 1886 నుండి 1890 వరకు బొంబాయి సైన్యానికి అధిపతిగా వున్నాడు. మన పనివాళ్ళ నేర్పు ఆయనకు బాగా నచ్చింది. బాగ్‌షాట్ పార్కులోని తన యింట్లో ఒక గదికి లాహోర్ కళాశాలకు చెందిన భాయీ రామ్ సింగ్ చేత నమూనాలు గీయించి, చెక్కపని చేయించాడు. అది చూసి ముచ్చటపడిన రాణిగారు ఐల్ ఆఫ్ వైట్‌లోని ఆస్బర్న్ హౌస్‌లో దర్బారు గదిని అదే రామ్ సింగ్ చేత తీర్పించుకున్నారు.

కొడుకు బ్రిటిష్ సైన్యం మొత్తానికి అధిపతి కావాలని రాణిగారి కోరిక. 1895లో ఆ పదవి వూల్జీకి దక్కింది. రాణిబిడ్డకైనా అన్నీ అందవు! 1902లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. 1911 నుండి 1916 వరకు కెనడా గవర్నర్ జనరల్.

మనకు ముఖ్యమైన ఘట్టం 1921లోనిది. కొత్త శాసనసభలను ప్రారంభించడానికి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రావలసివుండగా, ఆయన బదులు యీ 70 ఏళ్ళ పెద్దాయన వచ్చాడు. భార్య 1917లో పోయింది. పెద్దకూతురు మార్గరెట్ 1920 మే 1న, సరిగ్గా తండ్రి 70వ పుట్టినరోజునే కన్నుమూసింది. ఆ దుఃఖంతోనే ఓడ ఎక్కాడు.

జనవరి 12న మద్రాసు శాసనమండలిని ప్రారంభించాడు. అప్పటి ముగ్గురు మంత్రుల్లో పానగల్లు రాజా, కూర్మా వెంకటరెడ్డి నాయుడు మన తెలుగువారే. ఫిబ్రవరిలో ఢిల్లీలో ఇండియా గేట్‌కు, పార్లమెంటు భవనానికి శంకుస్థాపన చేశాడు. కేంద్ర సభను ప్రారంభిస్తూ, రాసి తెచ్చిన ప్రసంగం ముగిశాక, సొంత మాటగా ఒక విన్నపం చేశాడు. జలియన్‌వాలా బాగ్ గాయం దేశమంతా వున్న రోజులవి. జరిగిన తప్పులను మరచి, ఒకరినొకరు క్షమించుకుని కలసి నడవమని ఇరువర్గాలనూ కోరాడు.

గాంధీగారు అదే నెల యంగ్ ఇండియాలో ఆయనకు బహిరంగ లేఖ రాశారు. మీ మీద మాకు వ్యక్తిగతంగా ద్వేషం లేదు, మా పోరాటం యీ పరిపాలన మీదనే అన్నది దాని సారాంశం. ఏప్రిల్ మొదటి రోజు నాటికి బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశమై కోటి మంది సభ్యులను, కోటి రూపాయల తిలక్ నిధిని సేకరించాలని తీర్మానించింది. కొట్టినవాడి తరఫున వచ్చి మరచిపొమ్మంటే, ఎంత మంచి మనసుతో అన్నా, దెబ్బ తిన్నవాడికి అది చాలదు. న్యాయం జరిగిన తరువాతే క్షమ.

1942 జనవరి 16న, 91వ ఏట, విక్టోరియా కొడుకుల్లో చివరివాడుగా బాగ్‌షాట్‌లో మరణించాడు.

కనాట్ ప్లేస్ పేరు చెప్పేటప్పుడు పిల్లలకు రెండు సంగతులూ చెబుదాం. ఆయన మర్యాదస్తుడు, మనసున్నవాడు. మనవాళ్ళు ఆయన్ను గౌరవిస్తూనే ఆయన కోరికను కాదన్నారు. ఎదుటివాణ్ణి ద్వేషించకుండా కాదనడం ఎట్లాగో, యీ దేశంలో పెరుగుతున్న మన పిల్లలు తెలుసుకోవలసిన విద్యే. వేసవి సెలవుల్లో ఆస్బర్న్ వెళ్ళినవారు దర్బారు గది చూసి రండి. రామ్ సింగ్ పేరు కూడా వారికి చెప్పండి.