కంచే చేను మేస్తే...

పైవాడు తప్పుదారి తొక్కితే కిందివాడి చేతికీ మసి అంటక మానదు. ఇందుకు హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతమే నిదర్శనం.

లెక్కలు తారుమారు చేశానని ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న స్వయంగా ఒప్పుకున్నారు. లేని 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్టు పుస్తకాల్లో చూపారు. ఇది ఒక్కరివల్ల అయ్యే పనా? చేయని పనికి బిల్లులు, వేయని డిపాజిట్లకు రసీదులు పుట్టించడానికి మరికొన్ని చేతులు కావలసి వచ్చాయి.

2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చింది. పెద్దలతోపాటు లెక్కల విభాగంలో పనిచేసినవారికీ ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. అప్పీలు మీద మే నెలలో వారికి బెయిలు లభించింది.

సహకార సంఘంలోనైనా, రేషను డిపోలోనైనా దొంగ సంతకం అడిగిన తొలిరోజే కాదనాలి. ‘పైవారు చెప్పారు’ అన్న మాట బోనులో అక్కరకు రాదు.