తెరలు రెండు – బాణం ఒకటే

మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఇప్పుడు డిసెంబరు కచేరీలకు సభలకు వెళ్ళలేదు. నా కంప్యూటరుకే మరో తెర తగిలించి, ఆవిడ బల్ల మీద పెట్టి కచేరీ చూపిద్దామనుకున్నాను. మౌంట్‌రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో స్ప్లిట్టర్ కొన్నాను. తీరా చూస్తే అమ్మ ముందు కూడా నా జమాఖర్చులే! స్ప్లిట్టర్ ఉన్న బొమ్మకు నకలు తీస్తుందంతే. వేరువేరు బొమ్మలు రావాలంటే రెండు తెరలనూ కంప్యూటరు వెనుక రెండు వేరు అవుట్‌పుట్‌లకు తగిలించాలి. ఆపైన విండోస్ మీటతోబాటు 'పి' నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోవాలి.

తీగను నడిచే దారిలో వదలక, గోడ వెంబడి క్లిప్పులతో బిగించాను. అమ్మ కాలికి తగిలితే ఇంకేముంది?

తెరలు రెండైనా మౌస్ బాణం ఒక్కటే. పాట మార్చమని అమ్మ కేకేస్తే నేను లెక్క ఆపాల్సిందే. సంతోషంగానే ఆపుతున్నాను.